పొరుగువారి గుడి, మన అదబ్



వినాయక చవితి దగ్గర పడితే మన ఇళ్లలో ఒక సవాల్ తప్పదు. వాళ్ల గుడి గురించి మన పిల్లలు తెలుసుకోవచ్చా? తెలుసుకోవాలి అంటాను నేను.

చోడవరం సంగతే చూడండి. 2022 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. గోవాడ షుగర్ ఫ్యాక్టరీ తర్వాత ఆ ఊరి పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది అక్కడి పురాతన వినాయకుడి గుడి. ఆ మూర్తిని ఎవరూ చెక్కి నిలబెట్టలేదని, నేలలోంచి తానే వెలిశాడని భక్తుల అఖీదా. అందుకే స్వయంభూ అంటారు. పైభాగమే కనిపిస్తుంది, మిగతాది భూమిలో ఉంది. తొండం కొస కోసం తవ్వినా అంతు దొరకలేదని చెప్పుకుంటారు. చవితికి ఊరంతా అక్కడే.

ఇది మన అఖీదా కాదు. తౌహీద్ దగ్గర నాకు రాజీ లేదు, పూజలో కూర్చోమని ఎవరికీ చెప్పను. కానీ ఇల్మ్ వేరు, ఇబాదత్ వేరు. ఈ రెండూ కలిపేసి "తౌబా, అడగకు" అని పిల్లాడి నోరు మూయిస్తే వాడు ఊరుకోడు. ఫోన్లో దొరికిన వెక్కిరింపు నేర్చుకుంటాడు. అదే బెంచీ మీద కూర్చునే దోస్తు ముందు తొండం కథ మీద జోకు వేస్తాడు. సూరా అన్‌ఆమ్ 108వ ఆయత్ సరిగ్గా దీన్నే మనా చేసింది. ఇతరులు కొలిచేవాటిని మనం తిడితే, వాళ్లు తెలియక అల్లాహ్‌ను తిడతారని కారణం కూడా చెప్పింది.

"అదబ్ అంతా మనమే చూపాలా?" అని కొందరు భాయీలు అడుగుతారు. అడగాల్సిన మాటే. ఆలయాల దుకాణాల వేలంలో హిందువులు కానివారు పాల్గొనరాదని 2015లో మన ప్రభుత్వమే జీవో తెచ్చింది. శ్రీశైలంలో ఏళ్ల తరబడి దుకాణాలు నడుపుకుంటున్న మనవాళ్ల రోజీ మీద దెబ్బ పడింది. వాళ్లు మల్లన్నను తిట్టలేదు, కోర్టుకు వెళ్లారు. హైకోర్టులో ఓడినా ఆగలేదు. మతం పేరుతో ఎవరినీ వేలం నుంచి తప్పించరాదని 2021 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఝగడా జీవోతో, గుడితో కాదు. ఈ ఫరక్ మన కుర్రాళ్లకు తెలియాలి.

చవితికి పక్కింటి అమ్మ ఉండ్రాళ్లు పంపితే, నైవేద్యం పెట్టినవి తినకూడదన్నది మీ ఇంటి మస్లక్ అయితే, గిన్నె తలుపు దగ్గర తోసేయకండి. "అక్కా, ఇది మేం తినకూడదు, ఏమనుకోవద్దు" అని చెప్పండి. పిల్లలు వింటూ ఉండగానే చెప్పండి.