సంకర సింహాలు

సంకర సింహాలు అనగా ఆసియా సింహాలకు, ఆఫ్రికా సింహాలకు కలిగిన సంతానం. సింహానికీ పులికీ పుట్టే లైగర్, టైగాన్‌ల వంటివి కావివి. లైగర్ తల్లిదండ్రులు వేర్వేరు జాతులవి. సంకర సింహాల తల్లిదండ్రులది ఒకే జాతి, భేదం ఉపజాతిలో మాత్రమే. మగ లైగర్లకు సంతానం కలగదు. సంకర సింహాలలో ఆడా మగా రెండూ పిల్లలను కనగలవు కనుక కలయిక తరతరాలకు సాగిపోతుంది. పొట్ట క్రింద చర్మపు మడత, పలుచని జూలు ఆసియా సింహాల గుర్తులని చెబుతారు గాని, వాటిని బట్టి సంకరాన్ని నిర్ధారించడం సాధ్యం కాదు.

నేపథ్యం

సర్కసుల నుండి వచ్చిన ఆఫ్రికా సంతతి సింహాలను ఆసియా సింహాలతో కలపడం వలన పంజాబులోని ఛత్‌బీర్ జంతు ప్రదర్శనశాలలో వీటి సంఖ్య బాగా పెరిగింది. తరువాత అవి రోగాల పాలవడంతో మగవాటికి వాసెక్టమీ చేసి సంతతిని ఆపివేశారు. ఈ బలహీనతకు సంకరమే కారణమని చెప్పడం సరికాదు. దగ్గరి బంధువుల మధ్య పదే పదే జరిగిన సంతానోత్పత్తిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అమెరికాలోనూ ఇటువంటిదే జరిగింది. అక్కడి ఆసియా సింహాల పెంపకానికి మూలమైన ఐదు జంతువులలో రెండు ఆఫ్రికా సంతతివని 1987లో జన్యు పరీక్షలు తేల్చాయి.

సర్కసులలో సింహాల ప్రదర్శనపై నిషేధాన్ని 2001లో సుప్రీంకోర్టు సమర్థించింది. అలా విడుదలైన సింహాలకు తిరుపతి, విశాఖపట్నం మొదలైన చోట్ల సంరక్షణ కేంద్రాలు ఏర్పడ్డాయి. అక్కడ వాటిని జీవితాంతం పోషిస్తారే గాని సంతతిని పెంచరు.

వర్గీకరణలో మార్పు

పూర్వం ఆసియా సింహాన్ని పాంథెరా లియో పెర్సికా అనే ప్రత్యేక ఉపజాతిగా లెక్కించేవారు. 2017లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘానికి చెందిన మార్జాల నిపుణుల బృందం సింహాలను రెండే ఉపజాతులుగా విభజించింది. ఆసియా, పశ్చిమ, మధ్య, ఉత్తర ఆఫ్రికా సింహాలు పాంథెరా లియో లియో. తూర్పు, దక్షిణ ఆఫ్రికా సింహాలు పాంథెరా లియో మెలనోకైటా. అంటే సరిహద్దు రెండు ఖండాల నడుమ లేదు, ఆఫ్రికా లోపలే ఉన్నది. ఇథియోపియా ప్రాంతంలో ఈ రెండూ సహజంగానే కలిసినట్లు జన్యు పరిశోధనలు సూచిస్తున్నాయి.

దీని ప్రకారం గిర్ సింహానికి సెనెగల్ సింహంతో పుట్టిన పిల్ల ఉపజాతుల సంకరం కాదు, కెన్యా సింహంతో పుట్టినది మాత్రం అవుతుంది. సర్కసు సింహాల పూర్వీకులు ఆఫ్రికాలో ఏ మూల నుండి వచ్చాయో చాలా సందర్భాలలో దాఖలా లేదు కనుక, వాటి సంతతిని క్రొత్త పట్టికలో ఎక్కడ ఉంచాలో చెప్పడం జన్యు పరీక్ష లేనిదే వీలుపడదు.

అయినా వేరుగా ఉంచే విధానాన్ని తప్పుపట్టలేము. గిర్ సింహాలు ఇరవయ్యో శతాబ్దారంభంలో మిగిలిన కొద్ది జంతువుల సంతతి. వాటిలో జన్యు వైవిధ్యం అతి తక్కువ. బయటి రక్తం దానిని పెంచగలదన్న మాట నిజమే. కాని మూలం తెలియని జంతువులతో ఆ పని చేస్తే గిర్ సింహాలకు మాత్రమే ఉన్న లక్షణాలు తిరిగి వేరు చేయలేనంతగా కలిసిపోతాయి. 2025 మే గణనలో గుజరాత్‌లో 891 సింహాలు ఉన్నట్లు తేలింది. జంతు ప్రదర్శనశాలలలోని సంకర సింహాలు ఈ లెక్కలోకి రావు.