చేతులు మారిన లాప్‌టాపులు – విండోసు హక్కు

ఒకరు వాడి విడిచిన లాప్‌టాపును కొనుట నేడు ఎవరికిని చిన్నతనముగా దోచుట లేదు. కళాశాలలో జేరిన పిల్లవానికిగాని, ఎరువుల దుకాణమున లెక్కలు వ్రాయు గుమాస్తాకుగాని, పొలము కాగితములను ఇంటనే చూచుకొనగోరు రైతునకుగాని క్రొత్తయంత్రపు వెలకంటె ఎంతో తక్కువకు లభించు పాతయంత్రము చాలును. సికిందరాబాదు పార్కులేనునందును, చెన్నపట్టణపు రిచీవీథియందును, ఢిల్లీ నెహ్రూప్లేసునందును కంప్యూటరు వర్తకము విరివిగా జరుగుచున్నది. పెద్దకంపెనీలు కొన్నియేండ్ల కొకమారు తమ యుద్యోగుల యంత్రములను ఒక్కుమ్మడిగా మార్చి, పాతవానిని గంపగుత్తగా అమ్మివేయుట ఈ పాతసరకునకు ఒక ముఖ్యాధారము. విండోసు 10నకు సాధారణముగా నొసగబడుచుండిన రక్షణసవరణలు 2025 అక్టోబరు 14వ తేదితో నిలిచిపోవుటయు, విండోసు 11 పాతప్రాసెసర్లను అంగీకరింపకుండుటయు ఈ ప్రవాహమును మరికొంత హెచ్చింపక మానవు.

కొన్న యంత్రము ఇల్లు చేరును, బాగుగనే పనిచేయును. కొన్నిదినములకో నెలలకో తెర క్రిందిమూలను విండోసును ఆక్టివేటు చేయుమను తాఖీదు బయలుదేరును. తెరమీది పటమును మార్చబోయిన మారదు. కొన్నవాడు బెదరి అంగడికి పరువెత్తును. కొన్నివందల రూపాయలిచ్చినచో క్రొత్త కీ వేసెదమని అచ్చటివారు చెప్పుదురు. కొన్నినెలలు గడచునప్పటికి మరల అదే తాఖీదు. ఇట్లు రెండుమూడు పర్యాయములు చెల్లించుకొన్నవారిని మే మెరుగుదుము. ఇందు విచారింపవలసిన విశేష మేమనగా, వీరిలో పెక్కండ్రు యంత్రముతోడనే తమకు సంక్రమించియున్న హక్కునకు మరల వెల యిచ్చుచున్నారు. ఆ వెలను పుచ్చుకొనువానికో, ఆ కీని అమ్ముటకు హక్కే లేదు.

ఆక్టివేషను అనునది 2001వ సంవత్సరమున విండోసు ఎక్స్‌పీతో ఇండ్లలోని యంత్రములకు సోకిన కట్టుబాటు. అంతకుముందు ఒక్క సీడీని కొని ఊరివారందరును పంచుకొనుట సాధ్యమై యుండెను. మైక్రోసాఫ్టువారికి దానివలన గలిగిన నష్టము కల్పితము గాదు. అందుచే వారు యంత్రపు భాగములనుండి ఒక గుర్తును గట్టి, ఆ గుర్తునకును ఇరువదియైదు అక్షరముల కీకిని ముడివేసి, తమ సర్వరునందు నమోదు చేయ నారంభించిరి. ఇది మన రిజిస్ట్రారు కచేరివంటిదే. భేద మేమనగా, రిజిస్ట్రారు పుస్తకమును రుసుము చెల్లించి ఎవరైనను చూచుకొనవచ్చును. ఈ పుస్తకము కొనువానికి కానరాదు. కొని, ఇంటికి తెచ్చి, అంతర్జాలమునకు తగిలించిన పిమ్మటనే గాని తన పేర హక్కు కలదో లేదో వానికి తెలియదు. కష్టమంతయు ఇచ్చటనే యున్నది.

ఈ హక్కులు ఒక్క తీరువి గావు. భూములయందు పట్టా వేరు, కౌలు వేరు అయినట్లు వీనియందును భేదములు గలవు. మొదటిది యంత్రమును తయారుచేసిన కంపెనీ తానే చేర్చి యమ్మిన హక్కు. దీనిని ఓఈఎం లైసెన్సందురు. పొలములోని నూయి పొలముతోడనే అమ్ముడుపోవునట్లు ఇది యంత్రమును అంటిపెట్టుకొని యుండును. వేరొక యంత్రమునకు పోదు. విండోసు 7 కాలమువరకు దీని కీని లాప్‌టాపు అడుగుభాగమున చీటిగా అంటించుచుండిరి. చెమటకును రాపిడికిని అక్షరములు చెరిగి, ఎందరో హక్కునకు ఋజువు పోగొట్టుకొనిరి. విండోసు 8 వెలువడిన 2012వ సంవత్సరమునుండి కీని మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేరునందే చేర్చుచున్నారు. రెండవది రిటైలు లైసెన్సు. ఇది మనిషిదే గాని యంత్రముది కాదు. యజమాని దానిని పాతయంత్రమునుండి తీసి క్రొత్తదానికి మార్చుకొనవచ్చును. అతడట్లు తీసికొనిపోయినయెడల మనకు మిగులునది చెట్లు కొట్టివేసిన తోటయే. మూడవది వాల్యూము లైసెన్సు. ఇది కౌలువంటిది. కంపెనీలోని యంత్రములు ఆ కంపెనీ సర్వరును అప్పుడప్పుడు పలుకరించి, 180 దినముల గడువును పొడిగించుకొనుచుండును. కంపెనీ గడప దాటిన యంత్రమునకు పలుకరించుట కెవరును లేరు గనుక, గడువు తీరగనే తాఖీదు వచ్చును.

అంగళ్లలోని మంచిసరకులో అధికభాగము ఈ మూడవతెగకు చెందినదగుటచేత, దీనిని గురించి మరికొంత చెప్పవలసియున్నది. గడువు తీరినపుడు యంత్రము 0ఎక్స్‌సి004ఎఫ్074 అను సంఖ్యను చూపును. సర్వరు దొరకలేదని దాని యర్థము. దీనిని జూచి హక్కే లేదని భ్రమపడువారు పలువురు. కాని విండోసు విషయమున వాల్యూము లైసెన్సు మరియొక హక్కుపై కట్టిన మేడవంటిది. క్రింద ఓఈఎం హక్కువంటి పునాది యుండవలెనని మైక్రోసాఫ్టువారి నిబంధనయే యున్నది. కంపెనీ తన అవసరముకొరకు ఎంటర్‌ప్రైజు రకమును పైన వేసికొన్నదేగాని, యంత్రముతో వచ్చిన ప్రో రకపు కీ ఫర్మ్‌వేరులో చెక్కుచెదరక నిద్రించుచునే యుండును. కావలసిన కాగితములను వేరొకచోట దాచుకొని, మైక్రోసాఫ్టువారి సైటునుండి ఉచితముగా దింపుకొన్న ప్రతితో యంత్రమును మొదటినుండి శుభ్రముగా నింపినచో, ఆ కీని అది తానే చదువుకొనును. నింపునపుడు కీని అడుగకుండుటయే కీ లోపల దొరకినదనుటకు గుర్తు. ఇంతటితో పెక్కుచోట్ల తగవు తీరును. ఒక్క రూపాయియు నక్కరలేదు.

తీరనిచోట్లు లేకపోలేదు. యంత్రముతో వచ్చినది హోము రకమై యుండగా, బేరము పెరుగునను నాశతో అమ్మినవారు ప్రో రకమును నింపుట యొకటి. అట్టిదానికి హోము నింపినగాని ఆక్టివేషను కుదరదు. మదర్‌బోర్డు చెడి వేరొకదానిని వేయుట మరియొకటి. కీ పాతబోర్డుతోడనే పోయినది గనుక, తగిన లైసెన్సు దొరకలేదని 0ఎక్స్803ఎఫ్7001 అను సంఖ్య కనిపించును. ఇట్టి సందర్భముకొరకు 2016వ సంవత్సరమున మైక్రోసాఫ్టువారు విండోసు 10లో ఒక పరిష్కారసాధనమును చేర్చిరి. హార్డువేరు మార్చితినని చెప్పి, ఖాతాతో ప్రవేశించినచో హక్కును మరల కట్టుకొనవచ్చును. ఏర్పాటు మంచిదే. కాని లైసెన్సు ముడివడియున్న ఖాతా మొదటి యజమానిది; రెండవచేతివాని కది కోటగోడకు వ్రాసిన ద్వారమువంటిది.

ఇక అంగడిలో కొన్నివందలకు దొరకు కీలు ఎట్టివి? ఎక్కడనో యొక సంస్థ తన వేలాది యంత్రములకొరకు తీసికొన్న కీ దొంగచేతులబడి చిల్లరగా అమ్ముడగుచుండుట వీనియందు సాధారణము. పరిమితి దాటగనే 0ఎక్స్‌సి004సి008 అని తిరస్కారము వచ్చును. లేదా సంస్థ మేల్కొని కీని రద్దుచేయించును. మరికొందరు ఆ చిల్లరకీని గూడ కొనక, కంపెనీ సర్వరునకు మారువేషము వేసిన ప్రోగ్రాము నొకదానిని లోపల దాచిపెట్టుదురు. వైరసును అడ్డగించు కావలివానిని పండుకొనబెట్టినగాని ఈ మారువేషగాడు లోపలికి రాజాలడు. బ్యాంకిలావాదేవీలు జరుపు యంత్రమున కావలివానిని పండుకొనబెట్టువాని వివేకమును గూర్చి వేరుగ చెప్పనేల? 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము 63-బి సెక్షను ప్రకారము, దొంగప్రతియని తెలిసియు కంప్యూటరు ప్రోగ్రామును వాడినవానికి ఏడుదినములకు తక్కువగాని ఖైదును, యేబదివేల రూపాయలకు తక్కువగాని జుల్మానాయును విధింపవచ్చును. వ్యాపారలాభముకొరకు వాడనివాని యెడల న్యాయస్థానము ఖైదును విడిచి, యేబదివేలు మించని జుల్మానాతో సరిపెట్టవచ్చును. దుకాణదారుల కీ రెండవ సౌకర్యము లేదని గమనింపవలెను. ఇంత సాహసమునకు అక్కరయు లేదు. ఆక్టివేటు గాని విండోసుకు గూడ రక్షణసవరణలు అందుచునే యుండును, పోవునది తెరయలంకారమే. తాఖీదును జూచి ఆ పూటయే డబ్బు పారవేయక, తిన్నగా కారణము వెదకుకొనవచ్చును.

చట్టమున ఈ హక్కు సరకా, అనుమతియా అను ప్రశ్నకు పెద్దన్యాయస్థానము లిచ్చిన సమాధానములు చిత్రముగా నున్నవి. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కును ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకును జరిగిన వ్యాజ్యమున మన సుప్రీముకోర్టు 2004 నవంబరులో తీర్పుచెప్పుచు, సీడీలయందు ఎక్కించి అమ్ము తయారు సాఫ్టువేరు సరకే యని, దానికి అమ్మకపుపన్ను చెల్లునని నిర్ణయించినది. 2021 మార్చి 2వ తేదిని ఇంజనీరింగ్ అనాలిసిస్ సెంటర్ అను సంస్థ కేసులోను, ఇట్టి సాఫ్టువేరు కొనుటకు విదేశీయుల కిచ్చు సొమ్ము కాపీరైటు రాయల్టీ గాదని, వస్తువును కొనుటవంటిదేయని ఆ న్యాయస్థానమే చెప్పినది. ఐరోపా న్యాయస్థానము 2012 జూలై 3వ తేదిని యూజ్డ్‌సాఫ్టు కేసున, వెలయిచ్చి శాశ్వతముగా పొందిన సాఫ్టువేరు ప్రతిని మొదటివాడు తన యంత్రమున తుడిచివేసి రెండవవాని కమ్మవచ్చునని స్పష్టపరచినది. అమెరికాలో మాత్రము 2010వ సంవత్సరమున ఆటోడెస్క్ వ్యాజ్యమున నొక అప్పీలుకోర్టు, లైసెన్సు పొందినవాడు యజమానియే కాడు గనుక అమ్మజాలడన్నది. మన కాపీరైటు చట్టమునందు ఒకసారి అమ్మబడిన ప్రోగ్రాము ప్రతిమీద గూడ అమ్మకపుహక్కు కర్తకే యుండునను నర్థమిచ్చు మాటలు 1994 సవరణచే చేరి, 1999 సవరణచే తొలగినవి. ఆ తొలగింపునకు ఫలిత ముండవలదా?

పన్నుకొరకు సరకయిన వస్తువు చేయి మారునపుడు వట్టి అనుమతియై పోవుట న్యాయము గాదు. మైక్రోసాఫ్టువారి యొప్పందమే యంత్రముతో వచ్చిన విండోసును ఆ యంత్రముతో పాటు వేరొకరికి బదలాయింపవచ్చునని అంగీకరించుచున్నది గదా. ఇక 1930వ సంవత్సరపు సరకుల విక్రయచట్టము 14వ సెక్షను అమ్మువానికి అమ్ముహక్కు కలదనియు, కొన్నవాడు నిరాటంకముగ అనుభవించుననియు, సరకుపై బయటికి చెప్పని యితరుల భారము లేదనియు ప్రతివిక్రయమునందును అంతర్భూతమైన షరతులను నిలిపినది. విండోసుతో సహా అని చెప్పి అమ్మిన లాప్‌టాపునకు ఈ సెక్షనును వర్తింపజేయుటకు మాకు ఆటంకమేమియు కానరాదు. ఎన్‌కంబరెన్సు చూడక సెంటు భూమినైనను కొనని మనవారు, ఇరువదివేల రూపాయల యంత్రమును వట్టి మాటమీద కొనుట వింతగానున్నది.

చూచుకొనుట కష్టమును గాదు. సొమ్ము చేతులు మారకమునుపే అంగడిలో యంత్రమును అంతర్జాలమునకు తగిలించి, సెట్టింగులలో సిస్టమునందలి ఆక్టివేషను పుటను తెరువవలెను. ఆక్టివేటు అయినదను నొక్కమాటతో తృప్తిపడరాదు. మారువేషగాడును ఆ మాటను పలికింపగలడు. కమాండుల పెట్టెలో ఎస్, ఎల్, ఎమ్, జి, ఆర్ అను అక్షరములను కలిపి వ్రాసి, ఒక ఖాళీ విడిచి, ముందుకు వాలిన గీతతో డి, ఎల్, ఐ అని చేర్చినచో హక్కు ఓఈఎమ్మా, రిటైలా, వాల్యూమా అనునది చూపును. కడపటి మూడక్షరములకు బదులు ఎక్స్, పి, ఆర్ అని వ్రాసినచో శాశ్వతమో, గడువు గలదో తెలియును. 180 దినములలోపలి తేది కనబడిన నది కంపెనీ కౌలుగాని, దాని ననుకరించు మాయగాని కావచ్చును. 2038వ సంవత్సరపు తేది కనబడినయెడల అది తప్పక మారువేషగాని చేతిపనియే. ఏ కంపెనీ సర్వరును అంత దీర్ఘమైన గడువు నీయదు.

వర్తకులందరును మోసగాండ్రని మే మనుట లేదు. కంపెనీ గిడ్డంగినుండి గుత్తకు కొన్న చిల్లరవ్యాపారికి లోపలి హక్కు సంగతి తనకే తెలియకుండుట సహజము. కావున బాధ్యత మొదట కంపెనీలది. యంత్రములను వదలించుకొనునపుడు డిస్కును తుడిచి, యంత్రముతో వచ్చిన రకమునే మరల నింపి, తమ సంస్థ పేర ఆటోపైలటులో నున్న నమోదును కొట్టివేయించి పంపవలెను. ఆ నమోదు మిగిలియున్నచో, మరల నింపినప్పుడెల్ల యంత్రము పాతకంపెనీ పేరు చెప్పి ఉద్యోగి సంకేతపదము నడుగుచునే యుండును. ప్రభుత్వకార్యాలయములు పాతకంప్యూటర్లను వేలము వేయునపుడును ఈ నియమమునే పాటింపవలెను. వర్తకుడు రసీదుపై లైసెన్సు ఏతెగదో, ఏరకముదో, మదర్‌బోర్డు మార్చబడినదో లేదో వ్రాసి సంతకము చేయవలెను. మైక్రోసాఫ్టువారును, యంత్రపు సీరియలు సంఖ్య చెప్పినచో దానితో ఏ హక్కు వచ్చినదో తెలుపు పుట నొకదానిని ఎల్లరకును తెరచియుంచినచో వారికి నష్టమేమి? దొంగకీల బేరము సగము అణగిపోవుననియే మా నమ్మకము.

హక్కు నిజముగనే పోయిన యంత్రములును కొన్ని యుండును. ఉత్తరములు వ్రాసికొనుటకును, పత్రికలు చదువుకొనుటకును, పిల్లల పాఠములకును అట్టివానిలో లినక్సును నింపుకొనవచ్చును. దానికి ఆక్టివేషను జంజాటము లేదు. ట్యాలీవంటి విండోసు ప్రోగ్రాములు తప్పనిసరియైనవారు మాత్రము క్రొత్త విండోసు లైసెన్సు వెల యెంతయో ముందుగా కనుగొని, ఆ మొత్తమును పాతయంత్రపు బేరములో తగ్గించి అడుగవలెను.