మంచాన పడ్డవారికి పూచీ ఎవరిది?

మిర్చి ఏరే రోజులు వస్తే చర్ల, దుమ్ముగూడెం వైపు గూడేల నుంచి ఒంట్లో సత్తువ ఉన్నవారు కూలికి తరలిపోతారు. ఇంట్లో మంచాన పడ్డ ముసలివారుంటే వారిని ఎవరు చూడాలి? ఇరుగుపొరుగు ఎన్నాళ్ళని చూస్తారు? అప్పుడు వృద్ధాశ్రమం గుర్తుకు వస్తుంది. అది ఎటువంటిదో తెలుసుకునే దారి మాత్రం పేదవాడికి లేదు.

ఏడుగురు కలిసి సంఘాన్ని రిజిస్టరు చేయించుకుంటే ఆశ్రమం బోర్డు కట్టవచ్చు. ఆ కాగితం సంఘానికి సాక్ష్యమే గాని, సంరక్షణకు హామీ కాదు. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణకై 2007లో వచ్చిన చట్టం ఆశ్రమాల ప్రమాణాలను, వైద్య సదుపాయాలను నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. ఆశ్రమాలన్నీ విధిగా రిజిస్టరు కావాలన్న సవరణ బిల్లును 2019 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టారు. 2024లో సభ రద్దు కావడంతో అది మురిగిపోయింది.

అజమాయిషీ లేకపోతే ఏమవుతుందో 2020 జనవరిలో చూశాం. మేడ్చల్ జిల్లా నాగారంలో అనుమతి లేని ఒక ఆశ్రమం నుంచి 70 మందికి పైగా పోలీసులు బయటికి తెచ్చారు. వారిని ఇరుకు గదుల్లో కుక్కి ఉంచారని నాడు పత్రికలు రాశాయి.

తిరగగలిగిన వృద్ధునికి అన్నం, నీడ ఉంటే రోజు గడుస్తుంది. కదలలేని మనిషికి అవి చాలవు. రెండు గంటలకొకసారి ఒత్తిగిలి పడుకోబెట్టకపోతే వీపున పుండ్లు పడతాయి. కేన్సరు వంటి జబ్బు ముదిరితే నొప్పికి మార్ఫిన్ కావాలి. గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు ఆ మందు సులువుగా అందేలా 2014లో చట్టం సవరించారు. అటువంటి ఆసుపత్రితో సంబంధం లేని ఆశ్రమంలో రోగి మూలుగుతూ ఉండవలసిందే.

వరద సంగతి మరొకటి. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. నడవలేనివారిని ఎవరు మోయాలో, ఎక్కడికి చేర్చాలో నీరు రాకముందే రాసి ఉంచని ఆశ్రమానికి అనుమతి ఎలా ఇస్తారు?

తనిఖీ పేరిట తాళాలు వేస్తే సరిపోదు. మూసిన మర్నాడు ఆ ముసలివారు చూసే దిక్కులేని గుడిసెకే చేరతారు. తిరగగలిగినవారి ఆశ్రమానికి ఒక అనుమతి, మంచాన పడ్డవారిని చేర్చుకునేదానికి వేరొక అనుమతి ఉండాలి. రెండవదానికి రాత్రి మనిషి, పుండ్లు కడగడం తెలిసిన నర్సు, రోజువారీ రిజిస్టరు తప్పనిసరి చేయాలి. 2010లో మొదలైన వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సిబ్బంది కదలలేనివారి ఇంటికి వెళ్ళి చూడాలి. ఆ రాకపోకలు ఆశ్రమం గడప దాకా సాగాలి. లోటున్న చోట గడువు ఇచ్చి సరిదిద్దాలి. ఉభయ జిల్లాల కలెక్టర్లు పూనుకుంటే ఇది అసాధ్యం కాదు.

పెద్దలను చేర్చే ముందు మనమూ అడగాలి. రాత్రి ఎవరుంటారు? ఏ డాక్టరు వస్తాడు? రిజిస్టరు చూపుతారా? జవాబు రాకపోతే వృద్ధుల సహాయ ఫోను 14567కు చెప్పవచ్చు. మంచాన పడ్డ మనిషి లేచి వెళ్ళి ఫిర్యాదు చేయలేడు. ఆ పని మనదే.