గ్యారంటీ ఎవరికి?

రైలు కట్టలు, వంతెనలు, తపాలా భవనాలు నేడు కాంట్రాక్టర్ల ద్వారానే నిర్మాణమవుతున్నాయి. పని చెడినప్పుడు ప్రభుత్వ ధనానికి రక్షణ కాంట్రాక్టరు సమర్పించిన బ్యాంకు గ్యారంటీయే. ఆ సొమ్ము చెల్లించమని యాజమాన్యం బ్యాంకును కోరగానే, ఆర్బిట్రేషన్ మొదలు కాకముందే, 1996 నాటి చట్టం 9వ సెక్షను క్రింద కాంట్రాక్టరు స్టే కోసం కోర్టుకెక్కుతాడు.

గ్యారంటీ బ్యాంకు ఇచ్చిన స్వతంత్రమైన పూచీ. కాంట్రాక్టు తగాదా దానిని ఆపజాలదు. ఘోరమైన మోసమో, పూడ్చరాని అన్యాయమో ఉంటే తప్ప స్టే తగదని 1996లో ఉత్తరప్రదేశ్ చక్కెర కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ సూత్రాన్ని మేము సమర్థిస్తున్నాము.

అయితే ఒక ప్రశ్న మిగిలే యున్నది. యాజమాన్యానికి బ్యాంకు పూచీ యున్నది. కాంట్రాక్టరుకు కోర్టు తలుపు యున్నది. పని ఆగిన నాడు మట్టి మోసిన కూలీ బకాయికి పూచీ ఎవరు? కాంట్రాక్టరు ఎగవేస్తే ప్రధాన యజమానియే వేతనం చెల్లించవలెనని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టమే నిర్దేశించింది. కావున గ్యారంటీ సొమ్ములో తొలి వాటా వేతన బకాయిలకే చెందేలా కాంట్రాక్టు షరతులలో నిబంధన చేర్చాలని మేము కోరుతున్నాము.

ఆ కూలీలు మన సంఘ సభ్యులు కాకపోవచ్చు. మన పట్టాల క్రింది కంకర వారు పరచినదే.