ఏడు గంటల సైరన్

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు, మా నాన్న రెండెకరాల పొలం అమ్మడానికి నేను ఒప్పుకున్నాను. ఆ సంగతి నాకు నెల తర్వాత తెలిసింది. 'బయానా తీసుకున్నా, సంతకానికి ఎప్పుడొస్తావురా?' అని ఆయన ఫోన్ చేస్తే ఏ పొలం, ఎవరికి, ఎందుకు అని వరసబెట్టి అడిగాను. అవతల కాసేపు మాట లేదు. 'అరుగు మీద కూర్చుని చెప్పాను కదా. ఊఁ, సరే నాన్నా అన్నావు' అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. అరుగు గుర్తుంది. పండగ రోజు సాయంత్రం. చేతిలో ఫోన్. ఒక జిల్లా నాయకుడు రాజీనామా చేస్తున్నాడన్న పుకారు మీద ఆఫీసు వాట్సాప్ గ్రూపులో నలభై సందేశాలు. ఆ రాజీనామా జరగనే లేదు. పొలం మాత్రం అమ్ముడుపోయింది.

ఎమ్మేలో రాజనీతిశాస్త్రం చదివినవాళ్లకు హెర్బర్ట్ సైమన్ పేరు పరిచయమే. పరిపాలనాశాస్త్రం పేపరులో ఆయన మీద ప్రశ్న తప్పకుండా వస్తుందని మా సీనియర్లు చెప్పేవారు. మేం బట్టీ పట్టిన సైమన్ వేరు. సమాచారం పోగయ్యేకొద్దీ అది మనిషి ధ్యాసను తినేస్తుందని ఆయన 1971లోనే హెచ్చరించాడన్నది మా నోట్సులో లేదు. అప్పటికి సెల్‌ఫోన్ లేదు, ఇంట్లో కంప్యూటర్ కూడా లేదు. మన దగ్గర ఆ లెక్క తలకిందులు కావడానికి 2016 సెప్టెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. జియో రావడంతో డేటా కారుచవకైంది. అంతకుముందు నెలకు ఒక జీబీని పొదుపుగా వాడుకున్న వినియోగదారుడు 2024 నాటికి సగటున 20 జీబీకి పైగా వాడుతున్నాడు. చవకైంది డేటానే. దానికి బదులు మనం చెల్లిస్తున్నది ఏ బిల్లులోనూ కనిపించదు.

ఇలాంటి కాలమ్‌లలో మామూలుగా ఇక్కడ మనోనిబ్బరం గురించి ఉపదేశం మొదలవుతుంది. నోటిఫికేషన్లు ఆపేయండి, పడకగదిలోకి ఫోన్ తేకండి, ఆదివారం ఉపవాసం ఉండండి. అవన్నీ నేను చేసి చూశాను. తెరను నలుపు తెలుపులోకి మార్చాను. మూడు రోజులకు కళ్లు అలవాటు పడ్డాయి. రెండు యాప్‌లు తీసేశాను; బ్రౌజర్‌లో చూడటం మొదలెట్టాను. ఒక ఆదివారం ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేస్తే, సాయంత్రానికి డెస్కు నుంచి మా ఆవిడకు ఫోన్ వచ్చింది. తప్పు వాళ్లది కాదు. మిగతా అందరూ అందుబాటులో ఉన్నారు, నేనొక్కడినే లేను. పైగా ఎదుట ఉన్నది సామాన్యమైన ప్రత్యర్థి కాదు. ఎంత కిందికి జరిపినా తెర అడుగు తగలని ఏర్పాటును 2006లో రూపొందించిన అజా రాస్కిన్ తర్వాత కాలంలో దానికి బహిరంగంగానే పశ్చాత్తాపపడ్డాడు. పేజీకి చివర అంటూ ఉంటే మనిషి అక్కడ ఆగి, ఇక చాలనుకునేవాడు. ఆ చోటునే తీసేశారు.

అందుకే మహారాష్ట్రలోని మోహిత్యాంచె వడ్‌గావ్ కథ నాకు ఉపదేశాలన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది. సాంగ్లీ జిల్లాలో, చెరకు పండే ప్రాంతంలో, సుమారు మూడు వేల జనాభా ఉన్న ఊరు. కోవిడ్ కాలంలో పాఠాల కోసం పిల్లల చేతికి వెళ్లిన ఫోన్లు బడులు తెరిచాక కూడా తిరిగి రాలేదు. తరగతిలో పిల్లలు నిలవడం లేదని, ఇంటికెళితే పుస్తకం తీయడం లేదని ఉపాధ్యాయులు మొత్తుకున్నారు. 2022 ఆగస్టులో, స్వాతంత్ర్య దినోత్సవానికి ముందు, ఊళ్లో ఆడవాళ్లను సమావేశపరిచి నిర్ణయం తీసుకున్నారు. గుడి మీద సైరన్ పెట్టారు. రోజూ సాయంత్రం ఏడింటికి అది మోగగానే టీవీలు, ఫోన్లు కట్టేయాలి. ఎనిమిదిన్నర దాకా పిల్లలు చదువుకోవాలి, పెద్దవాళ్లు పుస్తకమో, పేపరో, కబుర్లో చూసుకోవాలి.

సర్పంచ్ విజయ్ మోహితే ఈ ఆలోచన చెప్పినప్పుడు మగవాళ్లు నవ్వారట. ఆడవాళ్లు మాత్రం తాము సీరియళ్లు ఎక్కువే చూస్తున్నామని ఒప్పుకుని ముందుకొచ్చారు. సైరన్ మోగినంత మాత్రాన ఏ ఊరూ మాట వినదు. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ సిబ్బంది, పంచాయతీ ఉద్యోగులు, రిటైరైన ఉపాధ్యాయులు ఇంటింటికీ తిరిగి చెప్పాల్సి వచ్చింది. ఈ తిరుగుడే లేకపోతే ఆ సైరన్ మా ఊరి రైస్ మిల్లు కూతలాగా టైము చూసుకోవడానికి తప్ప పనికొచ్చేది కాదు.

ఆ గంటన్నరలో ఉన్న కిటుకేమిటంటే పక్కింటి ఫోన్ కూడా మూగబోతుంది. ఆటకు పిలిచే స్నేహితుడు లేడు, గ్రూపులో కొత్త సందేశం లేదు, రాత్రి సీరియల్‌లో ఏమైందో రేపు నూతి దగ్గర చెప్పి ఉడికించే మనిషీ లేదు. ఒక్కడు కట్టేస్తే అతనికి నష్టం. అందరూ ఒకేసారి కట్టేస్తే ఎవరికీ పోయేదేమీ లేదు. మనం వ్యసనం అనుకుంటున్న దానిలో సగం వెనకబడిపోతామన్న భయమే. దానికి మందు ఒంటరిగా మింగేది కాదు.

అదే ఏడాది నవంబరులో యవత్మాల్ జిల్లా బాన్సీ గ్రామసభ మరో దారి పట్టింది. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు సెల్‌ఫోన్ నిషేధించింది. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ తండ్రి రీల్స్ చూస్తూ, కొడుకును పుస్తకం తీయమనే ఊళ్లో ఆ నియమం ఎంతకాలం నిలుస్తుంది? వడ్‌గావ్‌లో పెద్దవాళ్లు తమను తాము మినహాయించుకోలేదు. కర్ణాటకలో బెళగావి సమీపంలోని హలగా 2024 డిసెంబరులో ఇలాంటి సైరనే పెట్టుకున్నప్పుడు కూడా టీవీలు, ఫోన్లు ఇంటిల్లిపాదీ రెండు గంటలు కట్టేయాలన్నారు.

ఫోన్లు మూగబోవడం ఈ దేశానికి కొత్త కాదు కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే. కశ్మీర్‌లో 2019 ఆగస్టులో ఆగిన మొబైల్ ఇంటర్నెట్ 4జీ వేగంతో తిరిగి రావడానికి 2021 ఫిబ్రవరి దాకా పట్టింది. నిరవధికంగా ఇంటర్నెట్ ఆపడం చెల్లదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన తర్వాత కూడా అంతకాలం. ఆ నిశ్శబ్దంలో కూర్చుని పుస్తకం చదువుకున్నామని ఎవరూ చెప్పలేదు. దుకాణాలు మూతపడ్డాయి, పిల్లల చదువులు ఆగాయి. మీట ఎవరి చేతిలో ఉందన్నదే తేడా. ఊరు తన చేతిలోకి తీసుకుంటే అది విరామం. ప్రభుత్వం లాక్కుంటే శిక్ష.

ఇక ఉద్యోగస్తుల సంగతి. పని గంటలు ముగిశాక ఆఫీసు ఫోన్ ఎత్తకుండా ఉండే హక్కు కోరుతూ సుప్రియా సూలే 2018లో లోక్‌సభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. 2025 డిసెంబరులో మళ్లీ పెట్టారు. ప్రైవేటు సభ్యుల బిల్లు చట్టమైంది చివరిసారి 1970లో కనుక ఆశపడేవాళ్లు తొందరపడనక్కర్లేదు. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి చట్టం ఉంది. మా డెస్కుకు ఈ వాక్యం ఎడిటింగ్‌లో కనిపిస్తుందని తెలిసే రాస్తున్నాను.

సంతకానికి పోయిన వారం ఊరెళ్లాను. రిజిస్ట్రేషన్ అయ్యాక సాయంత్రం ఫోన్ తీసుకెళ్లి వంటింట్లో బియ్యం డబ్బాలో పెట్టి, అరుగు మీద నాన్న పక్కన కూర్చున్నాను. నేనింకా సర్దుకోకముందే పక్కనుంచి పాత సినిమా పాట మొదలైంది. ఆయన తన ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుని చూస్తున్నాడు. పాట అయింది, ఎవరో బెండకాయల్లో పురుగు మందు గురించి చెబుతున్నాడు, అదీ అయింది, ఎక్కడో పెళ్లిలో ఎవరో డాన్సు చేస్తున్నారు.

'నాన్నా, అది కూడా ఇటివ్వు' అన్నాను.

'ఇదొక్కటి అయిపోనీ' అన్నాడు. అయిపోయేది కాదని చెబితే నమ్మలేదు. మరో రెండు చూసి ఇచ్చాడు.

దాన్నీ డబ్బాలో పడేసి వచ్చేసరికి ఆయన వీధిలోకి చూస్తున్నాడు. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఏం మాట్లాడాలో కూడా తెలియలేదు. ఎదురింటివాళ్లు గేదెల్ని తోలుకుని వెళ్లారు. కరెంటు పోయి వచ్చింది. అప్పుడు చెప్పాడు. కౌలుదారు రెండేళ్ల నుంచీ వదిలేస్తానంటున్నాడట. కొత్తవాళ్లెవరూ రావడం లేదు. మోకాళ్ల నొప్పితో చెరువు కట్ట దాకా కూడా తను నడవలేకపోతున్నాడు.

'మోకాళ్ల నొప్పి ఎప్పటినుంచి?' అని అడిగాను.

'సంక్రాంతికి చెప్పాను' అన్నాడు.