సున్నా వస్తే బాగున్నట్టేనా?



గర్భసంచి జారడం గురించి మన సభల్లో ఎవరూ మాట్లాడరు. మన అమ్మలు మాత్రం దాన్ని మోస్తూనే కలుపు తీశారు. గర్భసంచినీ, మూత్రాశయాన్నీ, పేగు చివరనూ కింద నుంచి పట్టి ఉంచే కండరాల పొరను డాక్టర్లు పెల్విక్ ఫ్లోర్ అంటారు. వరస కాన్పులు, పచ్చి బాలింతగానే ఎత్తిన బరువులు దాన్ని సడలిస్తాయి. ముదిరితే ఆపరేషన్.

ఆపరేషన్ తర్వాత బతుకు బాగుపడిందని ఎట్లా తెలుస్తుంది? జారిన భాగం ఎక్కడుందో సెంటీమీటర్లలో కొలిచే పాప్-క్యూ పద్ధతి 1996లోనే వచ్చింది. కొలత సరిపోయినా బాధ పోకపోవచ్చు. అందుకే ఆడవాళ్లనే అడగాలన్నారు. న్యాయమైన మాట. అట్లా అమెరికాలో తయారైంది పీఎఫ్ఐక్యూ-7 అనే ప్రశ్నాపత్రం. 2005లో వచ్చిన దీన్ని చాలా భాషల్లోకి మార్చుకుని వాడుతున్నారు.

అందులో ఏడు ప్రశ్నలు. ఇంటి పని, నడక-ఈత లాంటి వ్యాయామం, సినిమా-కచేరీ, అరగంటకు మించిన ప్రయాణం, నలుగురిలోకి వెళ్లడం, మనసు బాగుండటం, విసుగు. వీటికి ఈ జబ్బు ఎంత అడ్డమో చెప్పాలి. 'అసలు లేదు' అంటే సున్నా, 'చాలా' అంటే మూడు. మూత్రం, మలం, జననాంగం - మూడింటికీ విడిగా అడిగి మొత్తం 300కి లెక్కేస్తారు. ఎంత తక్కువొస్తే అంత బాగున్నట్టు.

నేను డాక్టర్ని కాను, తెలుగు పాఠం చెప్పేదాన్ని. ఒక వాక్యం ఎవరిని ఊహించుకుని రాశారో వెతకడం నా చదువు. ఈ పత్రం ఊహించుకున్న మనిషికి ఈత ఉంది, కచేరీ ఉంది. కూలి లేదు.

ఎన్నడూ కచేరీకి పోని మా వాడ ఆడమనిషిని 'అడ్డమవుతుందా' అని అడిగితే 'లేదు' అంటుంది. సున్నా పడుతుంది. ఆమెకు దక్కనివన్నీ ఆమె ఆరోగ్యం కింద జమవుతాయి!

ఆమెను అడగాల్సినవి వేరే ఉన్నాయి. పొద్దంతా వంగి నాటు వేయగలుగుతున్నావా? గడ్డిమోపు నెత్తికెత్తుకోగలవా? చాటు లేని చేలో మూత్రమొస్తే ఏం చేస్తున్నావు? వారాల తరబడి బరువులెత్తొద్దన్నారు కదా, ఎన్నో రోజున కూలికి పోయావు? ఆ రోజుల కూలి ఎవరిచ్చారు?

దేశాల మధ్య పోల్చాలంటే అందరికీ ఒకే ప్రశ్నలుండాలంటారు. ఉండనీయండి. వాటి పక్కన మన ప్రశ్నలూ చేర్చండి.

నర్సింగ్, మెడిసిన్, సోషల్ వర్క్ చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఆ ప్రశ్నలు రాయాల్సింది మీరే. మీ వాడలో అమ్మల పక్కన కూర్చుని, వాళ్ల మాటల్లోనే రాయండి. ఆపరేషన్ ఉచితమైతే చాలదు, కోలుకునే రోజులకు కూలి కూడా కావాలని ఆ జవాబులే చెప్తాయి.