రైతు వీడియోలో ముందు బాగుచెయ్యాల్సింది మాట, లెక్క



ప్రకృతి వ్యవసాయం చేసే మనలో చాలామంది ఇప్పుడు వీడియోలు కూడా తీస్తున్నాం. ద్రావణాలు కలపడం, నారు పొయ్యడం, కోత, అమ్మకం అన్నీ ఫోనులోకి ఎక్కుతున్నాయి. వీడియో సరిగా రాలేదంటే మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "అన్నా, ఏ కెమెరా కొనాలి? ఏ యాప్‌లో ఎఫెక్టులు బాగుంటాయి?" నా అభిప్రాయం వేరు. రైతు వీడియోలో బొమ్మ కాస్త మసకగా ఉన్నా ఎవరికీ నష్టం లేదు. మాట వినపడకపోయినా, లెక్క తప్పినా నష్టం పంటకు. అందుకే మన డబ్బు, టైము ముందు ఆ రెండింటి మీదే పెట్టాలి.

ఊరికే అనడం లేదు. మా విడవలూరు దగ్గర ఒక కౌలు రైతు వంగ తోటలో పురుగు పడితే, ఎవరిదో వీడియో చూసి అగ్నిఅస్త్రం తయారు చేసుకున్నాడు. గోమూత్రం, పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకు అన్నీ కొలత ప్రకారమే వేశాడు. అది ఎకరానికి 200 లీటర్ల నీళ్ళలో 6 నుంచి 8 లీటర్లు కలిపి కొట్టాల్సిన కషాయం. ఆ వీడియోలో ఉడకబెట్టడం కాగానే స్ప్రేయర్ పట్టుకున్న షాట్ వచ్చేసింది. నీళ్ళు కలిపే ముక్క ఎడిటింగ్‌లో ఎగిరిపోయింది, స్పీడ్ పెంచి పాట వేశారు. ఆయన ఉన్నది ఉన్నట్టు కొట్టాడు, అదీ మిట్టమధ్యాహ్నం. ఆకులన్నీ మాడిపోయాయి. "ప్రకృతి వ్యవసాయం అంటే ఇదేనంట" అని ఊళ్ళో పది మంది అనుకున్నారు. ఒక జంప్ కట్ చేసిన పని అది. ఇంకో ఏడాది దాకా ఆ వీధిలో ఎవరూ కషాయం మాట ఎత్తలేదు.

వీడియో రైతుకు పనికొస్తుందని రుజువులు ఉన్నాయి. 2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో డిజిటల్ గ్రీన్ అనే ప్రాజెక్టు మొదలైంది. కర్ణాటకలో 16 ఊళ్ళలో ప్రయోగం చేసి 2009లో ఫలితాలు ప్రచురించారు. మామూలు విస్తరణ పద్ధతితో పోలిస్తే కొన్ని పద్ధతులను ఆచరించినవాళ్ళు ఏడు రెట్లు పెరిగారు. పెట్టిన ఖర్చుకు లెక్క చూస్తే పది రెట్లు మెరుగు. తర్వాత వాళ్ళు మన ఆంధ్రాలో కూడా పనిచేశారు. ఆ వీడియోల్లో గొప్ప గ్రాఫిక్స్ ఏమీ లేవు. తెర మీద కనిపించేది ఆ చుట్టుపక్కల రైతే. చూపించేటప్పుడు ఊళ్ళో ఒక మనిషి పక్కనే ఉండి, మధ్యలో ఆపి, "ఇప్పుడు ఏం చెప్పారు? మీరైతే ఎంత వేస్తారు?" అని అడిగేవాళ్ళు. మన యూట్యూబ్ వీడియో పక్కన ఆ మనిషి లేడు. ఆయన చేసే పని కూడా వీడియోనే చెయ్యాలి.

ఇక వీడియోలో తేడా వస్తే ఎక్కడ వెతకాలి? పైరు పసుపు పడితే ఏం చేస్తాం? ముందు కింది ఆకులా, పై ఆకులా అని చూస్తాం. ముదురు ఆకులు పడితే నత్రజని, లేత ఆకులు పడితే ఇనుము అనుకుంటాం. చూడకుండా అన్నీ కలిపి కొట్టం. ఇక్కడా అంతే. ముందు ఫోనులో తీసిన అసలు క్లిప్ చూడండి. అందులో బాగుంటే ఎడిటింగ్ టైమ్‌లైన్ చూడండి. అక్కడా బాగుంటే బయటికి తీసిన ఫైలు చూడండి. తేడా ఏ మెట్టు దగ్గర మొదలైందో అక్కడే మందు. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చాలి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు.

మా తీరంలో మొదటి జబ్బు గాలి. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే మైకులో బరబరమనే మోత తప్ప మాట ఉండదు. "ఏందబ్బయ్యా, నీ మాట కన్నా గాలే ఎక్కువ వినపడతా ఉండాది" అని మా పెద్దాయన అననే అన్నాడు. తెల్లవారుజామున తీద్దామంటే చుట్టూ రొయ్యల గుంటల్లో ఏరియేటర్ల మోత. నేను ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర లోపలే మాట రికార్డు చేస్తాను. చొక్కాకు పెట్టుకునే చిన్న మైకు, దానికి బొచ్చు తొడుగు ఉంటే చాలు. కాస్త గాలి మోత పడినా ఎడిటింగ్‌లో 100 హెర్ట్జ్ కంటే కింది శబ్దాన్ని తగ్గిస్తే చాలావరకు పోతుంది. కానీ గొంతే పగిలిపోయినట్టు రికార్డు అయితే ఏ సాఫ్ట్‌వేరూ బాగుచెయ్యలేదు. అప్పుడు ఇంట్లో ఫ్యాను ఆపి, దుప్పటి కప్పుకుని మాట మళ్ళీ చెప్పి అతికించడమే మేలు.

రెండో జబ్బు, పెదవులకూ మాటకూ పొంతన తప్పడం. మొదట్లో బాగానే ఉండి, పది నిమిషాలు దాటేసరికి తేడా కనిపిస్తుంది. చాలా ఫోన్లు సెకనుకు ఇన్ని ఫ్రేములని కచ్చితంగా తియ్యవు. వెలుతురు తగ్గితే ఫ్రేములూ తగ్గుతాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేరేమో అన్నీ సమానమనుకుని లెక్క కడుతుంది. దీనికి మందు హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. ఎడిటింగ్ మొదలుపెట్టక ముందే క్లిప్పును అందులో వేసి, కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని మార్చుకోవాలి. మధ్యలో మారిస్తే కట్ చేసినవన్నీ మళ్ళీ సర్దుకోవాల్సి రావచ్చు.

మూడోది, కొట్టంలో ట్యూబులైటు కింద తీసినప్పుడు వీడియో మీద పాకే నల్లటి చారలు. మన కరెంటు 50 హెర్ట్జ్. ఫోనులో ప్రో మోడ్ ఉంటే సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 50లో ఒక వంతు పెట్టండి, చాలావరకు పోతాయి. వీలైతే పగలు తలుపు దగ్గరికి జరిగి తియ్యండి, ఇంకా మంచిది.

నాలుగోది మన తెలుగుకే వచ్చిన తెగులు, వత్తులు విడిపోవడం. "మజ్జిగ" అని కొడితే తెర మీద "మజ్‌జిగ" అని పడుతుంది. డీటీపీ సెంటర్లో అను ఫాంటులో కొట్టిన మాటను అతికిస్తే ఏ భాషో కూడా తెలియదు. ముందు యూనికోడ్‌లో కొట్టాలి. నోటో సాన్స్, మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. ప్రీమియర్ ప్రో పాత వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కిందికి వెళ్ళి, టెక్స్ట్ ఇంజన్‌ను సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్‌కి మార్చి, అక్షరాలు కొత్తగా కొట్టాలి. ఫోను యాప్‌లో ఎంతకీ కుదరకపోతే, ఆ అక్షరాలను వేరేచోట బొమ్మగా చేసి వీడియో మీద పెట్టుకోండి.

ఇవన్నీ బాగున్నా లెక్క తప్పితే వీడియో తప్పే. జీవామృతం అంటే 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు మట్టి. ఇది తెర మీద ఎగురుకుంటూ వచ్చి మూడు సెకన్లలో మాయమైతే ఎవరికి లాభం? రెండుసార్లు నిదానంగా చదివేంతసేపు కదలకుండా ఉండాలి. చదువు రానివాళ్ళ కోసం నోటితోనూ చెప్పాలి. కొలతలు కిలోలు, లీటర్లలోనే వెయ్యాలి. మా నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోలు, ఆ మాట అన్ని జిల్లాల్లో అదే లెక్క కాదు. మనం సెంట్లలో చెబితే తెలంగాణ రైతు గుంటల్లో ఆలోచిస్తాడు. ఎకరానికి 100 సెంట్లు, 40 గుంటలు అని ఒక్క ముక్క తెర మీద వేస్తే పోయేదేముంది?

కాలం కూడా అంతే. వేరే జిల్లాల్లో జూన్, జులై నాట్ల హడావుడి ఉంటే, మాకు పెద్ద పంట ఈశాన్య రుతుపవనాలతో వచ్చేది. ఆ తర్వాత ఎడగారు. "ఈ నెలలో నారు పొయ్యండి" అనే వీడియో రెండేళ్ళ తర్వాత ఇంకో జిల్లాలో చూసే రైతుకు ఏం అర్థమవుతుంది? తీసిన తేదీ, ఊరు, నేల రకం, పంట కాలం ఈ నాలుగూ మొదటి పది సెకన్లలో పడాలి.

"గ్రాఫిక్స్ లేకపోతే ఎవరు చూస్తారన్నా?" అని కుర్రాళ్ళు అడుగుతారు. గ్రాఫిక్స్ వద్దని నేను అనడం లేదు. కంటికి కనపడని దానికి వాడండి అంటున్నా. వేరు చుట్టూ తేమ, గాలి కలిసి ఉండే వాపస, ఆచ్ఛాదన కింద నేల చల్లబడటం, పంటల క్యాలెండర్, ద్రావణం ఎంత నీళ్ళలో ఎంత, ఇవి కెమెరా చూపించలేదు, యానిమేషన్ చూపిస్తుంది. పేరు గిరగిరా తిప్పడానికి పెట్టే రెండు గంటలు ఇక్కడ పెడితే ఒక రైతు పంట నిలబడుతుంది.

యూట్యూబ్‌లో ఒకసారి ఎక్కించిన వీడియో స్థానంలో అదే లింకుతో కొత్తది పెట్టడం కుదరదు. ముక్క కత్తిరించవచ్చు, కింద వివరణ రాయవచ్చు, అంతే. వాట్సాప్‌లో పంచుకున్నదానికి అదీ లేదు. అందుకే ఎక్కించక ముందే మూడు పరీక్షలు పెట్టండి. ఒకసారి కళ్ళు మూసుకుని వినండి, మాటలతోనే పని అర్థం కావాలి. ఒకసారి సౌండ్ తీసేసి పొలం గట్టు మీద ఎండలో చూడండి, అక్షరాలు కనపడాలి. మూడోసారి ఆ పని ఎప్పుడూ చెయ్యని మనిషికి చూపించి, "ఎంత వేస్తావు, ఎన్ని నీళ్ళలో కలుపుతావు?" అని అడగండి. తప్పు చెబితే సరిచెయ్యాల్సింది వీడియోని, ఆ మనిషిని కాదు. మీ ఊళ్ళో ప్రకృతి వ్యవసాయం ఐసీఆర్పీ ఉంటే కొలతలు ఒకసారి వాళ్ళ చేత కూడా చూపించుకోండి.

నేను బియ్యం నేరుగా అమ్ముకునేవాణ్ణి. మన సరుకు కొనేవాళ్ళు, మన మాట విని కొత్తగా ఈ దారిలోకి వచ్చేవాళ్ళు, ఇద్దరూ నమ్మకం మీదే వస్తారు. ఈసారి మీరు వీడియో ఎక్కించే ముందు ఆ మూడు పరీక్షలూ పెట్టి చూడండి. ఏది తేడా వచ్చిందో, దానికి మీరేం చేశారో రాయండి. ఇంకో రైతుకు పనికొస్తుంది.